మిత్రుడు, శత్రువు, మధ్యస్థుడు: మూడు జిల్లాల పొలాల్లో జాతుల పరస్పర సంబంధాలు

2021 చివరి నెలల్లో మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల మిరప తోటల్లో పూత నిలవలేదు. మొక్క ఎదిగేది, మొగ్గ తొడిగేది, పువ్వు విచ్చుకునేది. విచ్చుకున్న పువ్వు పిందె కాకుండానే రాలిపోయేది. పువ్వును అరచేతిలో దులిపితే నల్లని సన్నని పురుగులు నలుసుల్లా కదిలేవి. రైతులు దాన్ని నల్ల తామర అన్నారు. కౌలు, నారు, ఎరువులు, కూలి రూపంలో పెట్టుబడి అప్పటికే నేలలో పడిపోయింది. రెండు మూడు మందులు కలిపి, రోజుల వ్యవధిలోనే మళ్లీ మళ్లీ పిచికారీ చేసినా ఫలితం లేక తోటలను దున్నివేసినవారు, మొక్కలను పీకివేసినవారు ఉన్నారు. ఆ శీతకాలంలో ఈ ప్రాంతం నుంచి మిరప రైతుల ఆత్మహత్యల వార్తలు వెలువడ్డాయి.

కొత్త పురుగు వచ్చింది, ఉన్న మందు పనిచేయలేదు అని ఈ ఉదంతాన్ని రెండు ముక్కల్లో ముగించవచ్చు. అలా ముగిస్తే తరువాతి పురుగు వచ్చినప్పుడు మళ్లీ అదే వరుస మొదలవుతుంది. ఒక కీటకం ఒక పొలంలో ఎంత సంఖ్యకు చేరుతుందో దాని గుడ్ల లెక్క ఒక్కటే తేల్చదు. దాన్ని తినేవి, దానితో తిండికి పోటీపడేవి, దానికి ఆశ్రయమిచ్చేవి, దానివల్ల బతికేవి ఆ పొలంలో ఎన్ని ఉన్నాయో కూడా తేలుస్తాయి. ఈ సంబంధాల అల్లికనే జీవావరణ శాస్త్రం జీవసముదాయం అంటుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఈ అల్లికను అధ్యయనం చేయడానికి చక్కని వరుసగా ఉన్నాయి. జనగామవైపు వర్షాధారపు చెలకలు, మహబూబాబాద్‌లో వరి, మిరప, పత్తి, భూపాలపల్లిలో గోదావరి ఒడ్డు అడవులను ఆనుకుని సాగే చేలు. ఒకే వర్షం కింద మూడు తీరుల సముదాయాలు.

పాఠ్యపుస్తకం ఈ సంబంధాలను ఐదారు పేర్లతో విభజిస్తుంది: పోటీ, భక్షణ, పరాన్నజీవనం, పరస్పర సహజీవనం, ఒకరికి లాభం కలిగి మరొకరికి నష్టంలేని సహభోజిత్వం. విద్యార్థులు వీటి పక్కన కూడిక, తీసివేత గుర్తులు వేసి గుర్తుపెట్టుకుంటారు. చిక్కు ఎక్కడంటే, పొలంలో ఆ గుర్తులు స్థిరంగా ఉండవు. పంట వయసును బట్టి, వానను బట్టి, రైతు నిన్న వేసిన యూరియాను బట్టి ఒకే జంట జాతుల మధ్య గుర్తు మారిపోతుంది. సస్యరక్షణ సలహా తప్పిపోయే చోటు చాలావరకు ఇదే.

మిరప పువ్వులో కొత్త అతిథి

మన మిరపకు తామర పురుగు కొత్త కాదు. స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్ అనే పాత తామర పురుగు లేత ఆకులను గీకి రసం పీల్చడంవల్ల ఆకులు పైకి ముడుచుకుంటాయి. దాన్ని రైతులు పైముడత అని, నల్లి ఆశించినప్పుడు వచ్చేదాన్ని కింది ముడత అని వేరుచేసి చెప్పగలరు. నల్ల తామర, అంటే థ్రిప్స్ పార్విస్పైనస్, ఆగ్నేయాసియా నుంచి వచ్చినది. భారతదేశంలో 2015లో బెంగళూరు ప్రాంతపు బొప్పాయిపై మొదట నమోదైంది. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటల్లో ఉద్ధృతమైంది. అంటే దేశంలో అది కనిపించినప్పటికీ, మిరపను ముంచినప్పటికీ మధ్య సుమారు ఆరేళ్ల వ్యవధి ఉంది. ఆక్రమణ జాతుల చరిత్రలో ఇటువంటి నిశ్శబ్ద కాలం సాధారణమే. విస్తరణ వ్యవస్థకు నిజమైన అవకాశం ఆ కాలంలోనే ఉంటుంది.

ఈ రెండు తామర పురుగుల మధ్య సంబంధం పోటీ. ఒకే వనరుపై ఒకే తీరున ఆధారపడే రెండు జాతులు ఎక్కువకాలం పక్కపక్కన మనలేవని 1934లో రష్యా శాస్త్రవేత్త గాస్ ప్రయోగశాలలోని సూక్ష్మజీవులతో నిరూపించాడు. పొలం ప్రయోగశాల కాదు గనుక పోటీ అంత శుభ్రంగా సాగదు. అయినా దక్షిణాది మిరప తోటల్లో నల్ల తామర పాతదాన్ని వెనక్కి నెట్టివేసినట్లు పరిశీలనలు నమోదయ్యాయి. పాతది ప్రధానంగా లేత ఆకుపై బతికేది. కొత్తది ఆకు అడుగునా ఉంటుంది, పువ్వులోనూ ఉంటుంది. పువ్వు లోపల దానికి పుప్పొడి దొరుకుతుంది. పిచికారీ తుంపర సరిగా చేరని చాటు కూడా దొరుకుతుంది. గుడ్డును మొక్క కణజాలంలోకి చొప్పిస్తుంది, పిల్లదశ తరువాత నేలలోకి దిగి కోశస్థ దశ గడుపుతుంది. అంటే ఏ రోజు మందు కొట్టినా దాని సంతతిలో ఒక భాగం ఆకు లోపల, మరొక భాగం నేలలో భద్రంగా ఉంటుంది. మందు తగిలేది బయట తిరిగే వాటికే.

బయట తిరిగేవాటిలో తామర పురుగు ఒక్కటే ఉండదు. అదే పువ్వులో ఓరియస్ అనే అతిచిన్న భక్షక నల్లి ఉంటుంది. అది ముక్కును సూదిలా గుచ్చి తామర పిల్లలను పీల్చివేస్తుంది; ఎర దొరకనప్పుడు పుప్పొడితో కాలం గడుపుతుంది. భక్షక నల్లులు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగు పిల్లలు, సాలీళ్లు ఆకులపై తిరుగుతాయి. వీటికి నేలలో దాగే దశ గానీ, కణజాలంలో భద్రపడే పిల్లల దశ గానీ చాలావాటికి లేదు. పైగా ఇవి ఎర కోసం మొక్కంతా తిరుగుతాయి కాబట్టి మందు పూసిన ఉపరితలంతో వీటికి సంపర్కం ఎక్కువ. విస్తృత ప్రభావం గల మందును, ముఖ్యంగా సింథటిక్ పైరిథ్రాయిడ్‌ను వరుసగా వాడినప్పుడు ముందుగా ఖాళీ అయ్యేది ఈ భక్షక వర్గమే. తామర పురుగు రెండు మూడు వారాల్లో కొత్త తరాన్ని నిలబెట్టుకుంటుంది. భక్షకం తిరిగి రావాలంటే ముందు ఎర పెరగాలి, తరువాత గెట్టు మీదినుంచో పక్క చేను నుంచో వలస రావాలి. ఈ వ్యవధిలో పురుగు అడ్డులేకుండా పెరుగుతుంది. శాస్త్రం దీన్ని పునరుజ్జీవనం అంటుంది. రైతు దృష్టిలో మాత్రం అది మందు కల్తీ. దుకాణం మారుస్తాడు, మోతాదు పెంచుతాడు, మరో మందు కలుపుతాడు. రైతును తప్పుపట్టవలసిన విషయం కాదిది. అతనికి కనిపించేది అంతే, కనిపించని భాగాన్ని చూపవలసిన పని విస్తరణ శాస్త్రవేత్తది.

నత్రజని పాత్రను కూడా ఇక్కడే చెప్పాలి. యూరియా అధికంగా అందిన మొక్కలో లేత చిగుళ్లు ఎక్కువగా వస్తాయి, రసంలో కరిగే నత్రజని సమ్మేళనాలు పెరుగుతాయి. రసం పీల్చే పురుగులకు అది విందు. పూత రాలుతున్నదని మందుతోపాటు మరొక దఫా యూరియా వేసిన తోటలో రైతు ఏకకాలంలో రెండు పనులు చేస్తున్నాడు: పురుగు ఆహారాన్ని మెరుగుపరుస్తున్నాడు, దాన్ని తినేవాటిని తగ్గిస్తున్నాడు.

కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టిన జాతి తన సహజ శత్రువులను చాలావరకు స్వదేశంలోనే వదిలి వస్తుంది. నల్ల తామర విషయంలోనూ తొలి విజృంభణకు ఇది ఒక కారణమని భావించడం సమంజసమే. అయితే స్థానిక భక్షకాలు కొత్త ఎరను గుర్తించడానికి ఎక్కువకాలం పట్టదు, వాటిని బతకనిస్తే. నీలిరంగు జిగురు అట్టలు, చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరుసలు, నేలపై మల్చింగ్, వేపనూనె, బవేరియా, లెకానిసిలియం వంటి శిలీంధ్రాల వాడకం అనే సిఫార్సులను విడివిడి చిట్కాలుగా చెబితే రైతుకు అవి బలహీనమైన మందుల్లా తోస్తాయి. వాటిని పురుగు జీవితచక్రంలో ఏ సంబంధాన్ని తెంచుతున్నామో, ఏ సంబంధాన్ని నిలుపుతున్నామో చెప్పి వివరిస్తే అర్థం వేరుగా ఉంటుంది. మల్చింగ్ నేలకు దిగే దారిని మూస్తుంది. జొన్న వరుస గాలివాటుకు వచ్చే పురుగును ఆపడమేకాక, దానిపై చేరే పేనుబంక ద్వారా అక్షింతల పురుగులను పోషిస్తుంది. జొన్నను ఆశించే పేనుబంక మిరపకు రాదు. అక్కడి పేనుబంక ఇక్కడి రైతుకు పరోక్షంగా మేలు చేస్తున్నది.

వరిలో మధ్యస్థుల బలం

మహబూబాబాద్ చెరువుల కింది వరిపొలాల్లో రైతు దృష్టి ఎప్పుడూ రెండు వర్గాలపైనే ఉంటుంది: పంటను తినే పురుగులు, వాటిని తినే మిత్ర పురుగులు. మూడవ వర్గాన్ని ఎవరూ లెక్కించరు. నాటిన కొత్తలో మడి నీటిలో కుళ్లుతున్న గడ్డిని, ఆకును, నాచును తిని బతికే చిన్న దోమజాతి ఈగల పిల్లలు, స్ప్రింగ్‌టెయిళ్లు, నీటి సూక్ష్మజీవులు అసంఖ్యాకంగా ఉంటాయి. ఇవి వరిని ముట్టవు. పురుగును తినవు. అందుకే వీటిని తటస్థ కీటకాలు అంటారు. ఇండోనేసియా వరిపొలాలపై 1996లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనం వీటి అసలు విలువను బయటపెట్టింది. సుడిదోమ పొలంలోకి రాకముందే సాలీళ్లు, ఇతర భక్షకాలు ఈ మధ్యస్థులను తిని సంఖ్య పెంచుకుంటాయి. దోమ వచ్చే నాటికి సేన సిద్ధంగా ఉంటుంది. పశువుల ఎరువు, పచ్చిరొట్ట వేసిన మడిలో ఈ తొలి ఆహారం మరింత సమృద్ధిగా ఉంటుంది.

నాటిన రెండు మూడు వారాలకే, పురుగు కనిపించినా కనిపించకున్నా, యూరియాతో కలిపి గుళికలు చల్లే అలవాటును ఈ వెలుగులో చూడాలి. ఆ రోజు చనిపోయే పురుగుల్లో పంట శత్రువులు తక్కువ. తటస్థులు, వాటిపై ఆధారపడిన సాలీళ్లు ఎక్కువ. నష్టం కనిపించేది రెండు నెలల తరువాత, దుబ్బుల మొదళ్ల వద్ద దోమ గుంపులు చేరి పైరు సుడులు సుడులుగా ఎండినప్పుడు. కారణానికీ ఫలితానికీ మధ్య అంత దూరం ఉండటంవల్ల రైతు రెండింటినీ కలిపి చూడలేడు. సుడిదోమ గుడ్లను పీల్చివేసే మిరిడ్ నల్లి, దుబ్బు మొదట్లో వేటాడే తోడేలు సాలీడు ఉన్న పొలానికీ లేని పొలానికీ తేడా దోమ రెండవ తరంలో తెలుస్తుంది. ఇండోనేసియా ప్రభుత్వం ఈ గుణపాఠాన్ని ఖరీదైన రీతిలో నేర్చుకుని, 1986లో అధ్యక్షుని ఉత్తర్వు ద్వారా వరిపై 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. మన సిఫార్సుల్లో ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట వదలమని చెప్పేది గాలి, వెలుతురు దుబ్బుల మొదళ్లకు చేరి దోమకు అనువైన తేమ తగ్గేందుకే.

అయితే ఈ నియమాన్ని గుడ్డిగా అన్వయించడం కుదరదు. పూర్వపు వరంగల్ ప్రాంతం ఉల్లికోడుకు పేరుపడినది. ఈ పురుగు పిల్ల మొవ్వును చేరి తన లాలాజలంతో మొక్క ఎదుగుదల క్రమాన్నే మార్చివేస్తుంది. వెన్ను రావలసిన పిలక ఉల్లికాడలా గొట్టమై నిలుస్తుంది. ఒక కీటకం మొక్క జన్యువుల పనిని తన ఇంటి నిర్మాణానికి వాడుకునే ఈ సంబంధం పరాన్నజీవనంలో అత్యంత సున్నితమైనది. దీనికి మొక్కవైపు నుంచి సమాధానం వరంగల్ పరిశోధన స్థానంలోనే దొరికింది. ఈశ్వరకోర, ఎమ్‌టీయూ 15 రకాల సంకరం నుంచి రూపొందిన డబ్ల్యు 1263 ఉల్లికోడు నిరోధకతకు ప్రపంచవ్యాప్తంగా వాడుకలోకి వచ్చిన మూలాల్లో ఒకటి. అందులోని నిరోధక జన్యువుకే జీఎమ్ 1 అని పేరు.

పురుగు కూడా ఊరుకోలేదు. నిరోధక రకాలు విస్తరించిన కొద్దీ వాటిని జయించగల జీవరూపాలు తలెత్తాయి. దేశంలో ఏడు జీవరూపాలను గుర్తించగా, వరంగల్ ప్రాంతపు జనాభాకు 4ఎమ్ అనే ప్రత్యేక సంజ్ఞ ఇవ్వవలసి వచ్చింది. ఒక రకం నిరోధకతను శాశ్వత గుణంగా రైతుకు చెప్పడం అందుకే పొరపాటు. అది ఆ రకానికీ, ఆ ప్రాంతపు ఉల్లికోడు జీవరూపానికీ మధ్య ఆ కాలానికి కుదిరిన సంబంధం మాత్రమే. ఉల్లికోడు గుడ్డులో తన గుడ్డు పెట్టి, ఒక్క గుడ్డు నుంచే అనేక సంతానాన్ని పొందే ప్లాటిగాస్టర్ ఒరైజే అనే బదనిక ఈ ప్రాంతపు పొలాల్లో సహజంగానే ఉంది. కాని దాని సంఖ్య సాధారణంగా పంట కాలం చివరికి పెరుగుతుంది. పిలకల నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. కనుక ఆలస్యంగా నాటే వానాకాలపు వరిలో నిరోధక రకం, నారుమడిలో రక్షణ తప్పనిసరి. నారుమడిలో గుంటెడు నేలపై వేసే గుళికలకూ, ప్రధాన పొలంలో ఎకరాలకొద్దీ చల్లే గుళికలకూ జీవసముదాయంపై ప్రభావంలో పోలిక లేదు. ఇక్కడ శాస్త్రవేత్త ఇవ్వవలసిన సలహా ఆ చిన్న చోటుకే పరిమితం కావాలి.

చెలకలో సమష్టి వేట

జనగామ చెలకల్లో సమస్య వేరు. ఎర్రగొంగళి పురుగు ఏడాదికి ప్రధానంగా ఒక్కసారే విజృంభిస్తుంది. తొలకరి గట్టి వానకు నేలలోని కోశాల నుంచి రెక్కల పురుగులు ఒక్కసారిగా బయటికి వస్తాయి. వాటి సంతతి ఆముదం, వేరుశనగ, పప్పు పైర్లను మేసి, ఒక చేను అయిపోగానే గుంపుగా మరొక చేనుకు నడుస్తుంది. ఎదిగిన గొంగళిపై బొచ్చు దట్టం. ఆ దశలో మందు అంతంతమాత్రం. తరువాత అవి గెట్ల వెంట, చెట్ల నీడన నేలలోకి దిగి దాదాపు పది నెలలు నిద్రాణంగా ఉంటాయి.

ఆ పది నెలల్లోనే ఈ పురుగు బలహీనత ఉంది. వేసవిలో లోతుగా దున్నినప్పుడు కోశాలు పైకి వస్తాయి. నాగలి వెంట నడిచే కొంగలు, గోరింకలు, కాకులు వాటిని ఏరుకుతింటాయి. రైతు, ఎద్దు, పక్షి కలిసి చేసే ఈ పనికి ఖర్చు లేదు. ట్రాక్టరు వేగం పెరిగినా పక్షులు ఆ వెంట రావడం మానలేదు. తగ్గినది గెట్లపై వాటికి నిలువ నీడనిచ్చే చెట్లు. తొలకరి వాన పడిన రాత్రుల్లో ఊరంతా ఒకేసారి మంటలు వేస్తే, దీపపు ఎరలు పెడితే గుడ్లు పెట్టకముందే రెక్కల పురుగులు పడిపోతాయి. జిల్లేడు, అడవి ఆముదపు కొమ్మలను చేను అంచున వేస్తే నడిచివచ్చే గొంగళ్లు వాటిపై చేరుతాయి, ఏరివేయవచ్చు. ఒక్క రైతు మంట వేస్తే లాభంలేదు, పక్క చేలలోని పురుగులు అతని చేనుకే వస్తాయి. ఈ పురుగు మనుషుల మధ్య సంబంధాలను కూడా పరీక్షిస్తుంది.

లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనబావి ఆ పరీక్షలో నిలిచిన పల్లె. సుమారు యాభై కుటుంబాల ఈ చిన్న ఊరు 1990ల చివర ఎర్రగొంగళి పురుగుపై ఉమ్మడి చర్యలతో మొదలుపెట్టి, జనగామ కేంద్రంగా పనిచేసే క్రాప్స్ సంస్థ, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో క్రమంగా పురుగుమందులు, ఆపై రసాయన ఎరువులు వదిలి, 2006 నాటికి ఊరంతా సేంద్రియ సాగులో ఉన్నట్లు ప్రకటించుకున్నది. ఆ కాలాన్ని గుర్తుచేసుకోవడం అవసరం. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు లద్దెపురుగు ఉద్ధృతికి, అప్పులకు బలైన నేపథ్యం అది. ఏనబావి అనుభవాన్ని సేంద్రియం, రసాయనం అనే వాదంలో ఒక పక్షానికి సాక్ష్యంగా వాడటం పరిపాటి. జీవావరణ దృష్టితో చూస్తే అందులోని విశేషం విస్తీర్ణం. ఒక ఎకరంలో మందు మానితే భక్షకాలు నిలవవు, పక్కచేను మందు వాటిని చంపుతుంది. ఊరి పొలిమేర మొత్తం ఒక్క నిర్ణయం కింద ఉన్నప్పుడు బదనికలకు, సాలీళ్లకు, పక్షులకు తరాలు గడపగల చోటు ఏర్పడుతుంది.

పత్తిలో ఇటీవలి చరిత్రను రెండు మాటల్లో చెప్పవచ్చు. 2002లో బీటీ పత్తి రావడంతో శనగపచ్చ పురుగు వెనుకబడింది, పిచికారీలు తగ్గాయి. ఖాళీ అయిన చోటును రసం పీల్చే పురుగులు కొంత ఆక్రమించాయి. దాదాపు పత్తినే నమ్ముకున్న గులాబీరంగు పురుగు బీటీ విషానికి నిరోధకత పెంచుకున్నది. అంతకంటె ఆసక్తికరమైనది పిండినల్లి కథ. 2006 తరువాత ఫెనకోకస్ సొలెనోప్సిస్ అనే పిండినల్లి దేశంలోని పత్తిపై విస్తరించినప్పుడు దానికి చీమలు తోడునిలిచాయి. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని మోసుకెళ్లి కొత్త మొక్కలపై వదులుతాయి, బదనికలను దగ్గరకు రానీయవు. గెట్లపై వయ్యారిభామ దానికి పంట లేని కాలపు ఇల్లు. మందులతో తలపట్టుకున్న ఆ సమయంలో ఎవరూ తెచ్చి వదలకుండానే ఏనేసియస్ అనే అతిచిన్న బదనిక పొలాల్లో ప్రత్యక్షమైంది. కొద్ది ఏళ్లలోనే పిండినల్లిని అదుపులోకి తెచ్చింది. బదనిక సోకిన పిండినల్లి తెల్లపొడి పోయి, ఎర్రని గోధుమరంగులో గట్టి తోలు తిత్తిలా కొమ్మకు అంటుకుని ఉంటుంది. ఆ తిత్తులు కనిపించే చేనులో మందు కొడితే రైతు తన బదనికలనే చంపుకున్నట్లు.

లెక్కించడం అనే పని

రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ప్రచారంలోకి తెచ్చిన వ్యవసాయ పర్యావరణ విశ్లేషణ పద్ధతిలో రైతులు వారానికొకసారి చేనులోకి దిగి, మొక్క బొమ్మ గీసి, ఒక పక్క పురుగులను, మరొక పక్క మిత్ర పురుగులను సంఖ్యలతో సహా గీస్తారు. స్థూలంగా రెండు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు అక్కరలేదన్నది వాడుకలో ఉన్న సూత్రం. ఈ నిష్పత్తి ఒక ప్రారంభ బిందువు. సాలీడు రోజుకు తినే దోమల సంఖ్య, అక్షింతల పురుగు తినే పేనుబంక సంఖ్య ఒకటి కావు. పైగా ఒకసారి లెక్కించిన సంఖ్య కంటె వరుసగా మూడు వారాల దిశ ముఖ్యం. మిత్రుల సంఖ్య పెరుగుతూ పురుగు నిలకడగా ఉంటే ఆగవచ్చు, నిష్పత్తి ఇంకా అనుకూలం కాకపోయినా. రెండూ పడిపోతుంటే పక్కచేనులో ఏదో జరిగింది.

క్షేత్ర శిక్షణ పొందే విద్యార్థులు కీటకాన్ని గుర్తించడంలో దిట్టలు, అది ఆ క్షణంలో ఏం చేస్తున్నదో రాయడంలో వెనుకబడతారు. ఒక నల్లి ఆకుపై ఉన్నదని రాస్తే అది జాబితా. అదే నల్లి లద్దెపురుగును ముక్కుతో గుచ్చి పట్టుకున్నదని రాస్తే అది సంబంధం. పిచికారీ నిర్ణయానికి కావలసినది రెండవది. మిరపలో ఈ పని ఇంకా కష్టం. ఓరియస్‌ను కంటితో పట్టుకోవడానికి భూతద్దం, తెల్లకాగితం, కొంత ఓపిక కావాలి. పువ్వును కాగితంపై దులిపినప్పుడు నల్లగా కదిలేవన్నీ తామర పురుగులే కావని రైతుకు చూపించగలిగిన రోజున ఆ రైతు వేసే తరువాతి ప్రశ్న వేరుగా ఉంటుంది.

ఆవలి గెట్టు

భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ ప్రాంతానికి వచ్చేసరికి ఆ బొమ్మలోని రెండు పక్కలూ తారుమారవుతాయి. ఇక్కడి అడవుల్లో నల్లమద్ది, ఏరుమద్ది చెట్లపై దసలి పట్టుపురుగును సాకుతారు. మల్బరీ పురుగులా ఇది ఇంట్లో తట్టలపై పెరగదు. చెట్టుపై వదిలిన పిల్లలు గూడు కట్టేవరకు అక్కడే ఉంటాయి. సాకేవారు పగలంతా చెట్ల కింద కాపలా కాస్తారు, పక్షులను తరుముతారు, చీమలను మళ్లిస్తారు. తెలంగాణ అడవుల దసలి ‘ఆంధ్రా లోకల్’ అనే ప్రత్యేక స్థానిక రకానికి చెందినది. అది తన చెట్లతో, తన శత్రువులతో కలిసి చాలాకాలంగా బతికిన రకం.

ఆ శత్రువుల జాబితా చదివితే వ్యవసాయ కీటకశాస్త్ర విద్యార్థి ఆశ్చర్యపోతాడు. అందులో చాలామంది అతనికి మిత్రులుగా పరిచయమైనవారే. ఇయోకాంథెకోనా ఫర్సెల్లాటా అనే భక్షక నల్లి పత్తిలో, పప్పు పైర్లలో లద్దెపురుగును వేటాడుతుంది. ప్రయోగశాలల్లో దాన్ని పెంచి వదలడంపై పరిశోధనలు జరిగాయి. మద్దిచెట్టు మీద అదే నల్లి దసలి పిల్లను గుచ్చి పీల్చివేస్తుంది, సాకేవారికి అది ప్రధాన శత్రువు. గొల్లభామ పురుగూ అంతే. ఊజీ ఈగ దసలి పురుగు దేహంపై గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపల పెరిగి గూటిని చీల్చుకుని బయటికి వస్తుంది. చీలిన గూటి నుంచి నిరంతర దారం రాదు. అదే కుటుంబానికి చెందిన ఇతర ఈగలు పంటల్లో గొంగళి పురుగులపై బదనికలుగా మనకు మేలు చేస్తున్నాయి. ఆకులను కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలను చైనా నారింజ తోటల్లో రక్షకులుగా వాడిన ప్రస్తావన సుమారు క్రీ.శ. 304 నాటిదని చెప్పే గ్రంథంలో ఉంది. జీవనియంత్రణ చరిత్ర దానితోనే మొదలవుతుంది. దసలి సాకేవారు ముందుగా వెతికి తొలగించేది ఆ చీమల గూళ్లనే.

నల్లి మారలేదు, చీమ మారలేదు. రెండు చోట్లా అవి గొంగళినే తింటున్నాయి. ఒక గొంగళి ధర పత్తి నష్టంగా, మరొక గొంగళి ధర పట్టుగూడుగా లెక్కకు రావడంవల్ల మిత్రుడు శత్రువయ్యాడు. ఈ ప్రాంతంలో పత్తి చేలు, మద్దిచెట్లు చాలాచోట్ల ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. అక్కడ భక్షక నల్లులను పెంచి పత్తిలో వదలమని సలహా ఇచ్చే ముందు వాటి తరువాతి తరం ఎటు వెళ్తుందో ఆలోచించాలి. అంతకంటె పెద్ద ప్రమాదం మందు తుంపర. దసలి పురుగు కూడా గొంగళే. పత్తిపై గొంగళిని చంపే మందు గాలివాటుకు మద్ది ఆకులపై పడితే ఏ లేబులూ దాన్ని వేరుచేసి చూడదు. పత్తి రైతు ఒకరు, దసలి సాకేవారు మరొకరు అయినప్పుడు ఈ నష్టానికి బాధ్యుడు ఎవరో తేలడం కష్టం. సాకడం నడిచే వారాల్లో సరిహద్దు వరుసల్లో మందు కొట్టకుండా ఉండటం, గాలి అడవివైపు లేనప్పుడే పిచికారీ చేయడం, పిల్లలను చెట్లపై వదిలే తేదీని ఊరి రైతులకు ముందుగా తెలపడం అక్కడి వ్యవసాయ విస్తరణ అధికారి చేయించగల పనులు. వారాంతపు చార్టుపై ఆ నల్లిని ఏ పక్క గీయాలని రైతు అడిగినప్పుడు, ఆవలి గెట్టున ఉన్నది ఏ చెట్టని ఆయన తిరిగి అడగవలసి ఉంటుంది.